చప్పిడి గంజి

మళ్ళీ అదే గంజి. మూత తీయకముందే కెంచమ్మకు తెలిసిపోయింది. ఉప్పు వేయని రాగిగంజికి తడిసిన సున్నపు గోడలాంటి ఒక చచ్చు వాసన ఉంటుంది, ఆ వాసన ముంత కంటే ముందే గదిలోకి వచ్చి ముక్కు మీద కూర్చుంది. వెనకే పాపక్క, తల మీద కొంగు కప్పుకొని, రెండు చేతులా ముంత పట్టుకొని, గుమ్మానికి కట్టిన వేపమండలు తలకు తగలకుండా వంగి వచ్చి, చాప పక్కన పెట్టి, వెనక్కి జరిగి దండం పెట్టింది. "తాగు తల్లీ, సల్లగా తాగి సల్లగా సూడు" అంది. తల్లట. పోయిన వారం దాకా "ఏమే కరిదానా" తప్ప ఇంకో పిలుపు ఎరగని నోరు అది. మొగుడికి అక్క, చిన్న వయసులోనే ముండమోసి పుట్టింటికి వచ్చి, తమ్ముణ్ణి పెంచి, తమ్ముడి పెళ్ళి చేసి, తమ్ముడి పెళ్ళాం నెత్తిన కూర్చున్న మనిషి, ఇంటి తాళంచెవులు నేటికీ ఆమె నడుముకే వేలాడుతుంటాయి. ఇప్పుడు చాప మీద పడుకున్నది మరదలు కాదట, మారమ్మట, అమ్మవారు పోసిన మనిషిని మనిషిగా చూడకూడదట, అందుకని ఈ మర్యాద. ఇన్నేళ్ళ కాపురంలో దక్కిన మొదటి మర్యాద, అది కూడా ఇంకొకరి పేరు మీద. కెంచమ్మ ముంత వైపు చూడలేదు. తాగితే కక్కుతుంది, కక్కితే ఒంట్లో మిగిలిన కాస్త ఉప్పు కూడా పోతుంది, ఆ సంగతి ఈ ఇంట్లో తలకెక్కింది తనకొక్కదానికే.

ఉప్పు. ఆ మాట తలుచుకుంటే ఎవరికైనా నోట్లో నీళ్ళూరతాయి, ఆమెకు ఊరడానికి నీళ్ళు లేవు, నాలుక అంగిటికి అతుక్కుపోయి ఉంది. ఈ గోడకు అవతలే కొట్టుగది, అందులో వరసగా చింతపండు కుండలు, ఊరి ఆడవాళ్ళు ఈ వాకిట్లో కూర్చుని గింజలు తీసిన చింతపండు, పొరకొక పిడికెడు ఉప్పు చల్లి కాళ్ళతో తొక్కి దట్టించిన చింతపండు, మూలన గోనెసంచుల నిండా రాళ్ళ ఉప్పు. యుద్ధం అయిపోయినా బియ్యానికీ చక్కెరకూ ఇంకా రేషనే గానీ ఈ ఇంట్లో ఉప్పుకు మాత్రం ఏ రోజూ కరువు లేదు. ధర్మపురి మొత్తానికి చింతపండు అమ్మే ఇంట్లో ఒక ఆడది ఉప్పు లేక చావబోతోంది, ఈ మాట వింటే నవ్వుతారు, నవ్వేవాళ్ళ నోట్లో మన్ను పడ. పొద్దున ఒకసారి లేచింది, లేచి గోడ పట్టుకుంది, గోడ చేతిలోంచి జారిపోయింది, కళ్ళ ముందు నల్లటి గుడ్డ కప్పినట్టయి, మళ్ళీ తెలివి వచ్చేసరికి నేల మీద చెంప ఆనించి ఉంది, నోట్లో వేపాకు. పాపక్క చూసి "అమ్మ ఆడతా ఉండాది" అని కర్పూరం వెలిగించింది. పడిపోయిన మనిషిని లేపడానికి చేయి రాలేదు, కర్పూరం వెలిగించడానికి వచ్చింది.

పుట్టినప్పుడు ఎర్రగా ఉందని కెంచమ్మ అని పేరు పెట్టారు, పుట్టిల్లు ఏరియూరు వైపు కన్నడం కలిసిన మాటల్లో కెంచ అంటే ఎర్రన, కరి అంటే నల్లన. నాలుగైదేళ్ళ కిందట ఆ ఎరుపు పోవడం మొదలైంది. మొదట అరచేతుల గీతల్లో, తర్వాత మోచేతుల మీద, చిగుళ్ళ మీద, చీర కుచ్చిళ్ళు ఒరుసుకునే చోట, పొయ్యి మసి లోపలి నుంచి పైకి వస్తున్నట్టు నలుపు. ఎండ అన్నారు, చేతబడి అన్నారు, గొడ్రాలి పాపం బయటపడుతోంది అన్నారు. "కెంచి కాస్తా కరి అయిందే" అని పాపక్క వీధి అరుగు మీద కూర్చుని నలుగురిలో అంటే ఆ నలుగురూ నవ్వారు, నవ్విన వాళ్ళందరి మొహాలూ ఆమెకు గుర్తున్నాయి, మర్చిపోయే ఉద్దేశం కూడా లేదు. అన్నం సయించేది కాదు, నిలబడితే తల తిరిగేది, చాటుగా కొట్టుగదిలోకి పోయి ఒక ఉప్పుగల్లు బుగ్గన పెట్టుకుంటే మాత్రం కాసేపు ప్రాణం లేచి వచ్చేది. ఒకనాడు పట్టుబడింది. అత్తింట్లో పెరుగు దొంగిలించే కోడళ్ళ కథలు విన్నాం గానీ ఉప్పు దొంగిలించే కోడలిని ఇప్పుడే చూస్తున్నాం అని వీధంతా చెప్పుకున్నారు. చివరికి నడవలేని స్థితి వచ్చాక మొగుడు నంజప్ప ఆమెను మొరప్పూరు దాకా బస్సులో, అక్కడి నుంచి రైలులో మద్రాసు తీసుకుపోయాడు. అదొక్కటి చేశాడు ఆయన జన్మలో, అక్కకు చెప్పకుండా.

మద్రాసు డాక్టరు ముసలాయన, చల్లటి వేళ్ళు, పెదవి కిందికి లాగి చిగుళ్ళు చూసి, అరచేయి చూసి, ఏం తినాలనిపిస్తుందమ్మా అని అడిగాడు. ఆమె సిగ్గుపడుతూ ఉప్పు అంది. ఆయన నవ్వలేదు. ఆమె ఉప్పు మాటకు నవ్వని మొదటి మనిషి. కడుపు లోపల రెండు చిన్న గ్రంథులు ఉంటాయట, బొటనవేలంతవి, ఒంట్లో ఉప్పును పట్టి ఉంచే రసం వాటిలో ఊరుతుందట, అవి ఎండిపోయాయి, ఇక ఊరవు, ఆ రసానికి బదులు సీమలో చేసిన మందు నూనెలో కలిపి వస్తుంది, రోజూ సూదితో ఎక్కించుకోవాలి, బతికినన్నాళ్ళూ, ఒక్క రోజు కూడా మానకూడదు. అన్నిటికన్నా ముఖ్యం, అన్నాడు, జ్వరం వచ్చినా వాంతులు పట్టినా మందు తగ్గించడం కాదు, పెంచాలి, రెండింతలు వేయాలి, ఉప్పునీళ్ళు తాగాలి, వెంటనే ఆసుపత్రికి రావాలి, ఆలస్యం చేస్తే మనిషి దక్కదు. "ఉప్పుదామ్మా ఉనక్కు ఉయిరు" అన్నాడు అరవంలో, ఉప్పేనమ్మా నీకు ప్రాణం అని. నంజప్ప తలూపాడు. సూది ఎలా మరిగించాలో, నూనె మందు ఎక్కించే ముందు సీసాను అరచేతుల్లో ఎలా వెచ్చబెట్టాలో నేర్చుకున్నాడు. అప్పటి నుంచి పొద్దున్నే ఆయన పొయ్యి దగ్గర కూర్చుని సూది మరిగిస్తుంటే పాపక్క ముక్కు మీద కొంగు పెట్టుకొని అవతలికి పోయేది, పెళ్ళానికి ఊసి పొడిచే మొగుణ్ణి యాడా సూడలేదు అనేది, ఊసి అంటే సూది. నలుపు కొంచెం వెనక్కి తగ్గింది, కాళ్ళు నిలిచాయి, వంట చేసింది, చింతపండు తొక్కింది, తిట్లు పడింది, అంటే బతికింది.

ఇప్పుడు వచ్చిన జ్వరం మామూలు జ్వరమే. తొక్కుడు కూలీల్లో ఇద్దరు ముగ్గురికి వచ్చింది, మిరియాల చారు తాగి ముసుగు పెట్టి పడుకొని లేచి పనికి వచ్చారు. వాళ్ళ ఒంట్లో ఆ గ్రంథులున్నాయి, జ్వరం వస్తే అవి ఇంకాస్త ఊరి మనిషిని నిలబెడతాయి, నీకు ఊరదు, నీకు సూదే ఊరాలి అన్నాడు డాక్టరు, ఆ మాట ఆమె చెప్పింది, మొదటి రోజే, పళ్ళు టకటకలాడుతుంటే చెప్పింది. కానీ మెడ కింద ఎండకు పేలిన చెమటకాయలు నాలుగు కనబడ్డాయి, వీధి చివర పంచవర్ణం ఇంట్లో అప్పటికే అమ్మ పోసి ఉంది, పాపక్క ఆ చెమటకాయలు చూసి మొహం తెల్లబోయి, చెంపలు వేసుకుని, ముత్యాలు పోసినాది తల్లి, అంది. నాకు చిన్నప్పుడే వచ్చి పోయింది వదినా, మచ్చలు చూడు, అంది కెంచమ్మ. "అది చిన్నమ్మ. ఇది పెద్దమ్మ. చెల్లెలు వచ్చిపోయిన ఇంటికి అక్క రాగూడదని యాడన్నా ఉండాదా?" అంది పాపక్క. ఇవి చెమటకాయలు వదినా. "అయితే తట్టమ్మ." ఏ మాటకు ఆ అమ్మ సిద్ధంగా ఉంది ఆమె దగ్గర. అంతగా నమ్మకం ఎక్కడిదో, వైద్యుడూ రాలేదు, పూజారీ రాలేదు, చూసిన మరుక్షణమే అమ్మ అని తేల్చేసింది, ఎదురుచూస్తున్న చుట్టం గడపలోకి వచ్చినట్టు. ఆ క్షణం నుంచి ఇంట్లో తాళింపు లేదు, ఉప్పు లేదు, మందు లేదు, బయటి మనిషి లోపలికి రాకూడదు, లోపలి మాట బయటికి పోకూడదు, శానిటరీ వాళ్ళకు తెలిస్తే ఊరి బయట షెడ్డులో పడేస్తారు.

నంజప్ప సూది మరిగించుకొని వచ్చాడు, రోజూలాగే. గుమ్మంలో అక్క అడ్డం నిలబడింది. "ఒంట్లో అమ్మ ఉండగా ఊసి పొడిస్తే అమ్మను పొడిచినట్టే రా. నీ పెండ్లాంతో ఆగదు, వీధి వీధి తీసకపోతాది." ఆయన సూది పట్టుకొని నిలబడ్డాడు. కెంచమ్మ చాప మీది నుంచి ఆయన కళ్ళలోకి చూసింది, మద్రాసు ఆయనకూ గుర్తుండాలి కదా, ఆ ముసలాయన మాట విని ఊపిన తల ఇదే కదా. ఆ తల కిందికి వంగింది. సూదిని పెట్టెలో పెట్టి, పెట్టెను తీసుకుపోయి అక్క చేతికి ఇచ్చాడు. అక్కకు ఇచ్చాడు. దాన్ని తలుచుకుంటే ఇప్పటికీ, ఒంట్లో నెత్తురు ఇంత పలచబడినప్పుడు కూడా, చెవులు వేడెక్కుతాయి. జ్వరం కంటే ఆ మనిషి మెత్తదనమే తనను చంపుతోంది. అరుగు మీద కూర్చుని ఉంటాడు ఇప్పుడు, మోకాళ్ళ మధ్య తల పెట్టుకొని, ఏడుస్తూ కూడా ఉంటాడు, ఆ ఏడుపును తీసుకుపోయి ఏం చేసుకోను, తాగనా, దాన్లోనైనా ఉప్పు ఉంటుంది.

ఈగ ఒకటి పెదవి మీద వాలింది, తోలడానికి చేయి లేవలేదు. పెంకుల సందులోంచి ఎండ గీత గోడ మీద పాకుతోంది. పిక్కలు పట్టేస్తున్నాయి, లోపల ఎవరో తాడు పేనుతున్నట్టు. ఏరియూరులో నాన్న మేకల దొడ్డి ముందర బండ మీద ఉప్పు చల్లేవాడు, అమావాస్య పోయిన పొద్దున, చల్లీ చల్లకముందే మందంతా దుమ్ము లేపుకుంటూ పరిగెత్తి వచ్చేది, గర్ర గర్ర నాకేవి, తానూ మేకల మధ్య మోకాళ్ళ మీద కూర్చుని బండ నాకితే నాన్న నవ్వి వీపు మీద ఒకటి చరిచేవాడు, గొడ్డుకు ఏం కావాల్నో గొడ్డుకు తెలుసు పాపా, మనిషే అడగల్ల, అనేవాడు. అడిగాను నాన్నా. నోరు తెరిచి అడిగాను, మొదట మరదలిగా అడిగాను, తర్వాత దిక్కులేనిదానిగా అడిగాను, కాళ్ళు పట్టుకొని అడిగాను, ఒక్క గల్లు, నాలుక కిందకి ఒక్క గల్లు వదినా అని. "నువ్వు అడిగేది కాదు తల్లీ, జొరం అడగతా ఉండాది" అంది. నేను ఏది అడిగినా నేను కాదట. మరి ఎవరు అడిగితే ఇస్తావే. ఎవరు అడిగితే ఇస్తావు. కెంచి అడిగితే ఇవ్వవు, ఎవరికి చేతులు జోడించి గంజి పెడుతున్నావో ఆమె అడిగితే ఇస్తావా. ఆమెకు చప్పిడి అని ఎవరు చెప్పారు, మొక్కులు తీరినప్పుడల్లా జనం గంపల్లో మోసుకుపోయి ఆమె గుడి ముందర గద్దె మీద పోసేది ఏమిటి, చక్కెరా, ఉప్పు కాదూ, ఉప్పూ మిరియాలూ కాదూ, వానకు కరిగి ఆ వీధంతా తెల్లగా చారలు కట్టదూ. కెంచమ్మకు నవ్వు వచ్చింది. నవ్వు గొంతులో పొడిగా గీసుకుపోయి బయటికి వేరే చప్పుడుగా వచ్చింది, గుమ్మం దగ్గర నిలబడ్డ పాపక్క ఆ చప్పుడు విని ఒక అడుగు వెనక్కి వేసింది.

"పాపీ" అంది కెంచమ్మ. అది పాపక్క చిన్ననాటి పిలుపు, చచ్చిపోయిన తల్లి తప్ప ఎవరూ పిలవనిది, మరదలు పిలిస్తే దవడ పగలగొట్టాల్సినది. పాపక్క మోకాళ్ళ మీద కూలబడింది. ఆ కూలబడ్డం చూసేసరికి కెంచమ్మకు ఎక్కడో అడుగున మిగిలి ఉన్న సత్తువ పైకి వచ్చింది, కోపమే సత్తువైంది, ఇన్నేళ్ళ కోపం ఎంత దాచుకున్నదో ఆమెకే తెలియదు. పూనకం అని ఆమె ఒక్క క్షణం కూడా అనుకోలేదు. ఒంట్లోకి ఎవరూ రాలేదు, ఉన్నదే నోరు తెరిచింది.

"నా గద్దె మీద గంపల గంపలు ఉప్పు పోస్తారు గదే. పోసి, మొక్కు తీరిపోయినాదని చేతులు దులుపుకుంటారు గదే. నీ ఇంటికి వస్తే నాకు సప్పిడి గంజా?"

"తప్పయిపోయినాది తల్లీ."

"ఊసి అంటే నాకు బయమని ఎవురు సెప్పినారు నీకు? నా తిరునాళ్ళలో దవడలకి శూలాలు గుచ్చుకొని ఎవురి ముందర ఆడతారే మీరంతా? ఇంటిలో గుచ్చితే మాత్రం నాకు నొప్పా?"

పాపక్క చెంపలు వాయించుకుంది. అరుగు మీది నుంచి నంజప్ప వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. కెంచమ్మ ఆయన వైపు తల తిప్పింది, మెడ నరాలు తెగిపోతాయేమో అనిపించింది, అయినా తిప్పింది. "ఒరే నంజా. అక్క కాడ పెట్టె తీసుకో. నీళ్ళు కాచు. నూనె మందు రెండు సీసాలు. బండి కట్టు, నేను ఈ ఇల్లు దాటి పోతాను, ఆసుపత్రి దాకా సాగనంపు." మొగుణ్ణి ఒరే అన్నందుకు నాలుక తీపెక్కింది, ఇంకోసారి అనాలనిపించింది. ఆయన చూశాడు. ఏ దేవతకైనా సూది మరిగించాలని తెలుస్తుందా, రోజుకు ఎన్ని సీసాలో తెలుస్తుందా, ఆయన కనుపాపల్లో ఆ ఆలోచన వచ్చి వెళ్ళడం ఆమె చూసింది. తెలిసిపోయింది ఆయనకు. రెండు చేతులూ జోడించి "అట్లే తల్లీ" అన్నాడు, మొహంలో ఎంత హాయి, అక్కకు ఎదురు చెప్పే దమ్ము లేని మనిషికి చేతిలో ఒక దేవత ఆజ్ఞ దొరికింది. పెళ్ళాం ప్రాణం కోసం చేయలేనిది అమ్మవారి మాట మీద చేస్తున్నాడు. దాన్ని కూడా తర్వాత చూసుకోవచ్చు, బతికితే చూసుకోవడానికి చాలా ఉన్నాయి.

ఉప్పు వచ్చింది. పాపక్క చేత్తోనే వచ్చింది, చెంబు నీళ్ళలో గుప్పెడు రాళ్ళు వేసి, వేళ్ళతో కలిపి, కెంచమ్మ తలను ఒడిలోకి తీసుకొని, జ్వరం వచ్చిన ఇన్ని రోజుల్లో మొదటిసారి ముట్టుకొని, పెదవుల మీద కొంచెం కొంచెంగా వంచింది. మొదటి గుక్క నాలుకను కాల్చింది, రెండోది దిగింది, మూడోది పైకి రావాలని చూస్తే పళ్ళు బిగించి మింగింది, కక్కేదే లేదు, ఈ ఒక్కటీ కక్కేది లేదు. అవతల పొయ్యి మీద నీళ్ళు కాగుతున్నాయి. ఇంకో గుక్క. అప్పుడు పాపక్క వంగి, చెవి దగ్గర, తమ్ముడికి వినబడకుండా, మాట్లాడటం మొదలుపెట్టింది.

"నేనే గదా తల్లీ నిన్ను పిలిచినాను. పోయిన ఆడి నెలలో, నీ గుడిలో, ఉప్పు పోస్తా మొక్కినాను. దీన్ని తీసకపో, నా తమ్మునికి బిడ్డల్ని కనే దాన్ని ఇంకోదాన్ని ఇయ్యి అని. అడిగినట్టే వచ్చేస్తివి. దీని మెడ మీద ముత్యాలు సూడగానే నాకు తెలిసిపోయినాది, ఇది నేను అడిగిందే అని. అడిగినాను గానీ, నువ్వు వస్తావనుకోలేదు తల్లీ. రాతిరి నిద్ర పట్టల్యా. ఆ మొక్కు ఎనక్కి తీసుకుంటా. నీకు కోపమైతే నన్ను తీసకపో."

చెంబు అంచు కెంచమ్మ పళ్ళకు తగిలి ఆగింది. ఆ ఒడి వెచ్చగా ఉంది, చింతపండు వాసన, చెమట వాసన. చెమటకాయల్లో అమ్మవారిని చూసిన నమ్మకం ఎక్కడిదో ఇప్పుడు తెలిసింది. లేచి ఆ గొంతు పట్టుకోవాలనిపించింది, పట్టుకోవడానికి చేతులు లేవు. నిజం చెప్పి ఆ మొహం ఎలా మారుతుందో చూడాలనిపించింది, చెబితే చెంబు ఆగిపోతుంది, సూది ఆగిపోతుంది. నోరు తెరిచింది. నీళ్ళు పోయించుకుంది. మింగింది. "కోపమే. ఇంకా కలుపు" అంది.

పాపక్క కలిపింది. నంజప్ప వచ్చి, సీసాలు అరచేతుల్లో వెచ్చబెట్టి, తొడ మీద పాత మచ్చల మధ్య చోటు వెతికి సూది దించాడు, చిక్కటి నూనె మెల్లగా, నొప్పిగా లోపలికి దిగింది, ఆమె కదల్లేదు, అమ్మవారు కదలకూడదు. రెండోది కూడా దించి ఆయన బండి కట్టడానికి పరుగెత్తాడు. ఆసుపత్రి దూరమేమీ కాదు, ఎద్దులు కదిలితే పొద్దు వాలకముందే చేరొచ్చు. చేరితే బతుకుతుంది, బతికితే తిరిగి ఈ ఇంటికే రావాలి, ఈ చేతి కూడే తినాలి, దేవత ఎన్నాళ్ళుంటుంది, రేపో ఎల్లుండో పోవాలి, పోయి కెంచమ్మ రావాలి. బయట ఎద్దుల మెడ గంటలు మోగాయి. పాపక్క ఆమె తలను ఒడిలోంచి దించి, కొంగుతో పెదవులు తుడిచి, కాళ్ళ దగ్గరికి జరిగి, రెండు పాదాలూ పట్టుకుంది.

"ఒక్కటి అడగతాను తల్లీ. నేను మొక్కినది కెంచికి మాత్రం సెప్పొద్దు."

కెంచమ్మ ఆ వంచిన తలను, నెరిసిన పాపిటను చూసింది.

"సెప్పను" అంది.